చేతికొచ్చిన చిప్ప

ఉన్నదంతా పోగొట్టుకున్నవాణ్ణి చూసి ‘చేతికి చిప్ప వచ్చింది’ అంటారట మీ తెలుగువాళ్ళు. 1943 ఆగస్టులో సోలమన్ దీవుల్లో ఒక కోటీశ్వరుడి కొడుకు చేతికి అక్షరాలా వచ్చిన చిప్పను నేను. కొబ్బరిచిప్పను.

అతని పేరు జాన్ కెనెడీ. ఇంట్లో జాక్. వయసు 26. చొక్కా లేదు, కాళ్ళ నిండా పగడపు రాళ్ళు చీరిన గాయాలు. పీటీ-109 అనే టార్పెడో పడవకి అధిపతి. 80 అడుగుల చెక్క పడవ, కడుపు నిండా పెట్రోలు. ఆగస్టు 2 తెల్లవారుజామున, కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో, ‘అమగిరి’ అనే జపాన్ యుద్ధనౌక వచ్చి దాన్ని రెండు ముక్కలు చేసి పోయింది. పదముగ్గురిలో ఇద్దరు అక్కడికక్కడే పోయారు. ఒళ్ళు కాలిపోయిన ఇంజను మనిషిని ఎవరు మోస్తారు? జాక్ అతని లైఫ్ జాకెట్ పట్టీని పళ్ళతో కరిచి పట్టుకుని, నాలుగు గంటలు ఈది, మనిషి జాడలేని చిన్న దీవికి లాక్కొచ్చాడు. అక్కడ తినడానికి ఏమీ లేదు. పక్క దీవికి ఈదారు. అక్కడ ఉన్నది మా వాళ్ళే, కొబ్బరికాయలు. ఆ పదకొండుమంది ప్రాణం నిలిపింది మేమేనని చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు.

అప్పుడొచ్చారు ఇద్దరు దీవి కుర్రాళ్ళు. బియుకు గాసా, ఎరోనీ కుమనా. మిత్రపక్షాల తరఫున తెడ్డు పడవలో తిరుగుతూ శత్రువుల కదలికలు కనిపెట్టేవాళ్ళు. కబురు పంపాలి, కాగితం ఏదీ? కొబ్బరిచిప్ప మీద రాయమన్నది బియుకే అంటారు. దగ్గర్లోని నౌరో దీవిలో జాక్ నన్ను ఒళ్ళో పెట్టుకుని కత్తితో గీకడం మొదలుపెట్టాడు.

హార్వర్డ్‌లో చదివి, 1940లోనే పుస్తకం అచ్చువేసిన చెయ్యి అది. కత్తి పట్టేసరికి మాట పొదుపు దానంతటదే వచ్చింది. నౌరో దీవి. కమాండర్‌కు. ఇక్కడివాళ్ళకు చోటు తెలుసు. దారి చూపగలరు. పదకొండుమంది బతికున్నాం. చిన్న పడవ కావాలి. కింద కెనెడీ అన్న ఒక్క పేరు.

ఆ పేరు వెనక చాలా ఉంది. ముత్తాత ఐర్లాండ్‌లోని వెక్స్‌ఫర్డ్ నుంచి వలసొచ్చి బోస్టన్‌లో పీపాలు చేసుకు బతికినవాడు, కలరాతో పోయాడు. తాత సారాకొట్టు పెట్టి రాజకీయాల్లోకి దిగాడు. తల్లి రోజ్ తండ్రి బోస్టన్ నగర మేయరు. తండ్రి జోసెఫ్ డబ్బు గడించి, బ్రిటన్‌లో అమెరికా రాయబారి అయ్యాడు. తొమ్మిదిమంది పిల్లల్లో జాక్ రెండోవాడు. నడుం నొప్పి మనిషి. వైద్యపరీక్షల్లో తప్పితే తండ్రి పలుకుబడి నౌకాదళంలో చేర్చింది. ఆ పలుకుబడి ఈ దీవి దాకా రాలేదు.

కుర్రాళ్ళిద్దరూ నన్ను పడవలో వేసుకుని, జపాన్‌వాళ్ళ కళ్ళు గప్పి, సుమారు 60 కిలోమీటర్లు తెడ్లు వేశారు, రెండోవా స్థావరం దాకా. పట్టుబడితే వాళ్ళ తలలు పోయేవి, నాది కాదు. ఇంకో మాట దాచకూడదు: నాతో పాటు పెన్సిలుతో రాసిన కాగితం కూడా వెళ్ళింది. పాపం, దాన్నెవరూ బల్లమీద పెట్టుకోలేదు. 8వ తేదీకల్లా అందరూ ఒడ్డున పడ్డారు.

ఇల్లు మాత్రం ఒడ్డున పడలేదు. దాదాపు ఏడాదికి, 1944 ఆగస్టు 12న, పెద్దవాడు జో జూనియర్ పేలుడు పదార్థాలు నింపిన విమానంతో ఇంగ్లండ్ మీద గాలిలోనే పేలిపోయాడు. అతనూ నౌకాదళమే, విమాన విభాగం. తండ్రి రాజకీయ ఆశలన్నీ ఆ పెద్దకొడుకు మీదే. అవి అప్పుడు జాక్ నెత్తిన పడ్డాయి.

నన్ను ప్లాస్టిక్‌లో పోసి చెక్కకి బిగించారు. 1961లో జాక్ అమెరికా అధ్యక్షుడయ్యాక అతని బల్ల ఎక్కి కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాశాను. మరుసటి ఏడు అక్టోబరులో క్యూబా క్షిపణుల గొడవ. అణుయుద్ధం ఇవాళో రేపో అన్నట్టుంది. 26న సముద్రం మీద క్యూబా వెళ్తున్న ‘మారుక్లా’ అనే సరుకు నౌకను ఆపి సోదా చేసిన నౌకల్లో ఒకదాని పేరు ‘జోసెఫ్ పి. కెనెడీ జూనియర్’. పోయిన అన్న పేరే. తమ్ముడు రాబర్ట్ 1946లో మామూలు నావికుడిగా పనిచేసిందీ ఆ నౌకలోనే.

యుద్ధంలో వీరుడివి ఎలా అయ్యావని అడిగితే జాక్ నవ్వేసేవాడు: నా చేతిలో ఏముంది, వాళ్ళే నా పడవ ముంచారు!

ప్రమాణస్వీకారానికి బియుకునీ ఎరోనీనీ పిలిచారు. వాళ్ళు రాలేకపోయారు, దారిలోనే ఆపేశారట. ఆ ముచ్చట తీరకుండానే 1963లో జాక్ పోయాడు.

ఇప్పుడు నేను బోస్టన్‌లో అతని పేరిట ఉన్న మ్యూజియంలో ఉంటాను. 2008లో ఎరోనీ, ముసలి వయసులో, జాక్ సమాధి మీద పెట్టమని తన వంశపు సొమ్ము ఒకటి పంపాడు. మా దీవుల్లో పూర్వం డబ్బుగా చెల్లిన గుండ్రని బిళ్ళ. సమాధి మీద పెట్టాక అదీ ఈ మ్యూజియానికే చేరింది. దేంతో చేశారనుకున్నారు? ఆల్చిప్పతో.