స్టికీ సార్

మాదాపూర్లోనో గచ్చిబౌలిలోనో ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లినా ఒక స్టికీ సార్ తగులుతాడు. అసలు పేరేదైనా కావచ్చు, హోదా మాత్రం ఆర్కిటెక్ట్. మెడలో ఐడీ కార్డు తాడు వెలిసిపోయి ఉంటుంది. ప్రొడక్షన్‌కి ఏ జబ్బు చేసినా ఆయన దగ్గర మందు ఒకటే: "స్టికీ పెట్టెయ్ నాయనా."

ఆ మందేమిటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. జనం పెరిగితే వెబ్‌సైటుకి ఒక సర్వరు చాలదు. మూడు పెట్టి, వచ్చినవాళ్లని వాటికి పంచడానికి ముందు లోడ్ బ్యాలెన్సరుని నిలబెడతారు. హెచ్‌టీటీపీకి పుట్టుకతోనే మతిమరుపు. ఇందాక వచ్చినవాడూ ఇప్పుడొచ్చినవాడూ ఒకడేనని దానికి తెలియదు. అందుకే 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లి అనే ఆయన కుకీ కనిపెట్టాడు. చీటీ బ్రౌజర్ దగ్గర, సెషన్ అనే చిట్టా సర్వరు మెమరీలో. కానీ ఒకటో సర్వరులో లాగిన్ అయినవాడి తరవాతి క్లిక్కు రెండోదానికి వెళ్లిందంటే, "ఎవరు బాబూ నువ్వు?" అని అది మళ్లీ పాస్‌వర్డు అడుగుతుంది. ఆ గొడవ లేకుండా, మొదట ఎక్కడికి వెళ్తే చివరిదాకా వాణ్ని అక్కడికే పంపడమే స్టికీ.

మంచి ఉపాయమే, కాదనను. సార్‌కి మాత్రం అది ఒంటికి పట్టేసింది. క్యాంటీన్లో మూడు కౌంటర్లున్నా, మొదటిదాని ముందు క్యూ లిఫ్టు దాకా ఉన్నా, అందులోనే నిలబడతాడు. అక్కడి కుర్రాడికి ఆయన సంగతులన్నీ కంఠతా వచ్చు: చక్కెర అర చెంచా, మీగడ తీసెయ్యాలి, కప్పు వద్దు, గాజు గ్లాసే కావాలి. ఆ కుర్రాడు రాని రోజున పక్క కౌంటరువాడు "చక్కెర ఎంత సార్?" అన్నాడంటే ఆయన మొహం మాడిపోతుంది. "మళ్లీ మొదట్నుంచి చెప్పాలా?" సరిగ్గా ఇదే మాట, ఇదే గొంతుతో, కార్టు మాయమైన కస్టమరు ఫోన్లో అరిచినప్పుడు మాత్రం, "కాష్ క్లియర్ చేసుకోమను" అనేసి తలుపేసుకుంటాడు.

ఆయన సెషన్లో ఏం పెడతాడో చూడాలి. యూజర్ ఐడీ ఒక్కటి చాలదా అంటే వినడు. పేరు, చిరునామా, కార్టు, వాడు వెతికిన ఫలితాల పట్టిక ఆఖరి పేజీతో సహా అన్నీ అందులోకే. "మాటిమాటికీ డేటాబేసుని ఎందుకు ఇబ్బంది పెట్టడం?" అరగంట ఉలుకూ పలుకూ లేకపోతే టామ్‌క్యాట్ సర్వరు సెషన్ని తీసిపారేస్తుంది. ఆ 30 నిమిషాలని సార్ 480 చేస్తాడు. "పాపం, భోజనానికి వెళ్లొస్తారు!" దాంతో మధ్యాహ్నానికల్లా మెమరీ గొంతుదాకా నిండుతుంది. పోనీ సెషన్లని మిగతా సర్వర్లకీ కాపీ చేద్దామంటే, లోపల దూర్చినవాటిలో సగం సీరియలైజే కావు.

కొత్త వెర్షన్ ఎక్కించే రాత్రి ఇంకో భాగవతం. సర్వరుని డ్రెయిన్లో పెట్టి, కొత్తవాళ్లని ఆపి, ఉన్నవాళ్లు పోయేదాకా కూర్చోవాలి. ఎవడో ట్యాబు తెరిచి నిద్రపోయి ఉంటాడు, పేజీ దానంతటదే రిఫ్రెష్ అవుతుంటుంది. ఒంటిగంటకి టీమంతా ఆవలిస్తుంటే సార్ స్టాటస్ పేజీ కేసి చూస్తూ, "ఇంకా ఒకాయన ఉన్నారు, ఉండనివ్వండి" అంటాడు.

ఎప్పుడైనా బుద్ధి మారి స్టికీ కోసం కుకీ మానేసి ఎన్‌జిన్‌ఎక్స్ ఐపీ హ్యాష్ పెడతాడు. అది ఐపీవీ4 చిరునామాలో మొదటి మూడు భాగాలే చూస్తుంది. క్లయింటు ఆఫీసు జనమంతా బయటికి కనిపించేది ఒకే ఐపీతో. ఇంకేముంది, అందరూ రెండో సర్వరు నెత్తినే! అది చెమటలు కక్కుతుంటే ఒకటీ మూడూ ఈగలు తోలుకుంటాయి.

"సెషన్లన్నీ ఈ సర్వర్ల బయట, రెడిస్‌లో పెడదాం సార్. ఏ సర్వరు పోయినా ఎవరూ లాగౌట్ అవరు" అంటుంది కొత్తగా చేరిన అమ్మాయి. రెడిస్ వచ్చింది 2009లో. సార్ లెక్కలో అది ఇంకా "కొత్తగా వచ్చింది, కొన్నాళ్లు చూద్దాం". ఆ పిల్ల పట్టు వదలదు. చివరికి ఆయన కళ్లజోడు తుడుచుకుని అడుగుతాడు: "సరేనమ్మా, ఆ రెడిస్సే పడిపోతే?"

ఎవరూ నోరెత్తరు. ఈ ఒక్క చోట ఆయనకి దణ్ణం పెట్టాల్సిందే. మూడు సర్వర్లలో ఒకటి పోతే మూడోవంతు జనం లాగౌట్ అవుతారు. ఉన్న ఒక్క రెడిసూ పోతే ఊరంతా బయటే. ఆ ప్రశ్న పుణ్యమా అని దానికో రెప్లికా, కాపలాకి సెంటినెల్ వస్తాయి.

ఇక స్టికీతో పనిలేదు. అయినా లోడ్ బ్యాలెన్సరు కాన్ఫిగ్‌లో ఆ స్టికీ లైను చెక్కు చెదరదు. దాని మీద సార్ స్వహస్తాలతో రాసిన కామెంటు: "దీన్ని తీయొద్దు. ఎందుకో నన్నడగండి." అడుగుదామంటే ఆయన తిరుమలలో దర్శనం క్యూలో ఉంటాడు. ఫోను కౌంటర్లో డిపాజిట్ చేసి.