‘ఐదు దాంక కత్తి’కి టీకా తాత్పర్యం

మూలం:
“ఐదు దాంక కత్తి, ఆరోదాంట్ల మంత్రం. ఏమంటవ్ బావా?”

అవతారిక. దసరా సెలవులకు దంతాలపల్లి చేరిన ఒక బామ్మర్ది, నులకమంచం మీద డైసులూ కాయితాలూ పరుచుకొని కూర్చున్న బావతో పలికిన వాక్యమిది. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్, 2014 నాటి అయిదో ఎడిషన్. బావ డంజన్ మాస్టర్. ఏ తలుపు వెనక ఏ భూతముందో ఎరిగిన ఏకైక పురుషుడు. బామ్మర్ది పాత్ర ఫైటరు. అతనికిప్పుడు మంత్రాల మీద మనసు పోయింది. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకొని కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిష్ఠ లేదు.

అన్వయం. బావా, (నేను) ఐదు దాంక కత్తి (పట్టెదను), ఆరోదాంట్ల మంత్రం (నేర్చెదను), ఏమంటవ్? క్రియలు అధ్యాహారం చేసుకోవాలి. సకినాలు నములుతూ మాట్లాడేవాడు ముందు మింగేది క్రియలనే.

టీక. బావా: సంబోధన. వాక్యం కొసన పెట్టడం బతిమాలుకోవడానికి. ఒక పాత్రకు రెండు క్లాసులు, అంటే రెండు వృత్తులు, కలపడం ఈ ఎడిషన్‌లో ఐచ్ఛిక నియమం. ఆట నడిపేవాడు సరేనంటేనే చెల్లుతుంది. చుట్టరికం వాచ్యం, దరఖాస్తు వ్యంగ్యం.

కత్తి: లక్షణ చేత ఫైటరు క్లాసు. పాత్ర చేతిలో ఉన్నది గొడ్డలి. అయినా దోషం లేదు.

ఐదు దాంక: ఐదో లెవెల్ కలుపుకొని. నాలుగు అనక ఐదు అననేల? ఐదులో ఫైటరుకు ఒకే వంతులో రెండు దెబ్బలు కొట్టే శక్తి వస్తుంది. నాలుగు దగ్గర కత్తి దించినవాడు నాటేసి, కలుపు తీసి, కోతకు ముందు ఊరిడిచిపోయినవాడి లెక్క.

ఆరోదాంట్ల: చిక్కంతా ఇక్కడే. ఆరులో మంత్రం పడితే ఆరో లెవెల్ విజార్డ్, అంటే మంత్రగాడు, అవుతాడా అని శంక. కాడు. పాత్ర వయసు ఆరు, మంత్రం వయసు ఒకటి. పుస్తకంలో ఆరు స్పెల్స్, వాటిని వేయడానికి మొదటి మెట్టు స్లాట్లు రెండు, ఇంచుమించు అంతే ఆస్తి. అందరూ ఆశపడే ఫైర్‌బాల్ మూడో మెట్టుది. దానికి విజార్డ్‌లోనే ఐదు లెవెల్స్ కావాలి, అంటే మొత్తం పది. అదే ఆటలో ఉండి మొదటినుంచీ మంత్రమే పట్టిన మరదలు ఐదులోనే ఫైర్‌బాల్ విసిరి, ఇతడు పదికి చేరేసరికి ఐదో మెట్టు స్పెల్స్ వేస్తుంటుంది. కత్తి వదలనివాడు పదకొండులో మూడో దెబ్బ అందుకుంటాడు. మనవాడికి ఆ దెబ్బా లేదు, ఆ మెట్టూ లేదు. పైగా లెవెల్స్ ఇరవైతో సరి.

మరి ముందు మంత్రం, తర్వాత కత్తి అనరాదా? అనరాదు. ఫైటరుగా పుట్టినవాడికే బరువు కవచం వాడకమూ, కాన్‌స్టిట్యూషన్ సేవింగ్ త్రోలో నేర్పూ వస్తాయి. మంత్రం పట్టి నిలిపినప్పుడు దెబ్బ తగిలినా ఏకాగ్రత చెదరకుండా కాసేది ఆ నేర్పే. వెనక వచ్చి ఫైటరులో చేరినవాడికి ఆ రెండూ ఇవ్వరు. బరువు కవచం తొడుక్కొని మంత్రం వేసే భాగ్యం ఈ వరసకే ఉంది. వాక్యంలో నిజంగా తెలివైన సంగతి ఇదొక్కటే. అది బామ్మర్దికి తెలిసి అన్నాడని చెప్పలేం.

పాఠాంతరం. ఎరువుల దుకాణం క్యాలెండర్ వెనక రాసిన ప్రతిలో “రెండు దాంక కత్తి” అని ఉంది. రెండో లెవెల్ ఫైటరుకు యాక్షన్ సర్జ్ వస్తుంది. ఎదిగిన మంత్రగాడికి అది దొరికితే ఒకే వంతులో రెండు ఫైర్‌బాల్స్. లెక్కకు ఈ పాఠమే మేలు. కాని రెండు దెబ్బల సుఖం చూడకుండా కత్తి దించే మనిషి కాడతడు. కనుక గ్రహించలేదు.

విశేషాలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట అచ్చు వేసిననాడు క్లాసులు మూడే: కత్తివాడు, మంత్రగాడు, పూజారి. ఎల్ఫ్ మాత్రం ఒక సాహసానికి కత్తి, మరోదానికి మంత్రం పట్టవచ్చు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఎల్ఫులవంటి జాతులకు రెండు మూడు క్లాసులు కలిపి నడిపే హక్కు ఇచ్చి, మనిషికి లేదంది. మనిషి క్లాసు మారవచ్చు, వెనక్కి రాకూడదు. పాత క్లాసుకు కావలసిన గుణం 15, కొత్తదానికి 17 ఉండాలి. కొత్త లెవెల్ పాతదాన్ని దాటకముందే పాత విద్య వాడితే ఆ సాహసానికి అనుభవం పాయింట్లు సున్న.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. తొర్రూరు దాటి పాలకుర్తి వైపు పోతే వల్మిడి. వాల్మీకి ఊరని అక్కడి వాడుక. బోయ మునిగా మారాడు. కళ్లముందు క్రౌంచపక్షి కూలినా శాపం పెట్టాడే గాని విల్లు ముట్టలేదు. 1978 నియమాన్ని ఇంత శ్రద్ధగా పాటించినవాడు మరొకడు లేడు. ఆ పక్కనే బమ్మెర. పోతన నాగలీ గంటమూ రెండూ పట్టాడని లోకం మాట. హ్యాండ్‌బుక్ ప్రకారం ఆయన ఎల్ఫ్ అయి ఉండాలి! అపసిద్ధాంతం. 2000లో మూడో ఎడిషన్ వచ్చి, మనిషైనా సరే లెవెల్‌కొక క్లాసు ఎంచుకోవచ్చని దిద్దుకుంది.

మరొక శంక. దంతాలపల్లి ఉన్న జిల్లాలోనే, చిన్నగూడూరులో పుట్టిన దాశరథి నిజాంను ఎదిరించి, నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు గదా. పోరాటం ఎన్ని లెవెల్స్, కవిత్వం ఎన్ని? విడదీసి లెక్కవేయరాదు, అక్కడ పద్యమే పోరాటం. ఆటలో దీనికి దగ్గరిది ఎల్డ్రిచ్ నైట్ సబ్‌క్లాసు: కత్తి దించకుండానే మూడో లెవెల్ నుంచి కాసిని స్పెల్స్ వస్తాయి. బామ్మర్దికి నిజానికి సరిపడేది అదే. కాని మూడులో ఛాంపియన్ సబ్‌క్లాసు తీసుకొని ఆ తలుపు తానే మూసుకున్నాడు.

ఏమంటవ్: ప్రశ్నార్థకం. బావ ఏమీ అనలేదు, కాయితం అడిగి తీసుకున్నాడు. కలపాలంటే ఫైటరుకు బలమో చురుకో 13, విజార్డ్‌కు ఇంటెలిజెన్స్ 13 ఉండాలి. కాయితం మీద బలం 18; నాలుగో లెవెల్‌లో వచ్చిన రెండు పాయింట్లూ అందులోనే పోశాడు. ఇంటెలిజెన్స్ 12.

“ఆరోది గూడ కత్తే పట్టు. అండ్ల ఫైటరుకు మల్ల రెండు పాయింట్లొస్తయ్. ఒకటి తెలివిల ఎయ్యి. అప్పుడు జూద్దాం” అన్నాడు బావ.

కనుక మూలంలో “ఐదు” ఉన్నచోట “ఆరు” అనీ, “ఆరోదాంట్ల” ఉన్నచోట “ఏడోదాంట్ల” అనీ దిద్దుకొని చదువుకోవాలి.