బతికుండగానే మసాలా

బ్రాయిలర్ కోడికి మహర్దశ పట్టింది. ఇదివరకు చచ్చాక గానీ దాని ఒంటికి పసుపూ వెల్లుల్లీ తగిలేవి కావు. ఇప్పుడు పిల్లగా షెడ్డులో దిగిన పూటే దాణాలో వడ్డిస్తున్నారు. వాము, తులసి, నేలవేము అదనం. 40 రోజుల్లో రెండు కిలోలు తూగి కత్తి కిందికి వెళ్లేసరికి లోపల్నుంచి సగం మసాలా పట్టేసి ఉంటుంది. వంటవాడికి మిగిలింది ఉప్పూకారమే.

ఎందుకీ మర్యాద? యాంటీబయాటిక్‌కు పేరు చెడింది గనుక. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలో ఆరియోమైసిన్ బయటికొచ్చింది. మనుషుల ప్రాణాలు నిలపడానికి పుట్టిన మందు అది. 1948లో ఆయన పోయారు. ఆ కొద్దికాలానికే, ఆ మందు తీయగా మిగిలిన పిప్పి మేసిన కోడిపిల్లలు గబగబా ఎదుగుతున్నాయని అక్కడే తేలింది. ఇంకేం, జబ్బు లేని కోడికి రోజూ మందు మేపడం వ్యాపారమైపోయింది.

సూక్ష్మజీవులు రాటుదేలాయి. స్వీడన్ 1986లోనే ఈ అలవాటు మానింది. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి మొత్తంగా మానేసింది. మనం 2019 దాకా మరో యాంటీబయాటిక్ అయిన కొలిస్టిన్‌ను వదల్లేదు. ఐసీయూలో రోగికి ఆఖరి అస్త్రం, షెడ్డులో కోడికి పొద్దుటి ఫలహారం!

ఆ మందుల స్థానంలో వచ్చిన ఆకుల్లో సత్తా లేదని ఎవరన్నారు? వాములోని థైమాల్, ఒరెగానోలోని కార్వక్రాల్ బ్యాక్టీరియా పైపొరకు చిల్లులు పొడుస్తాయి. కొన్ని ప్రయోగాల్లో కోడి బరువు పెరిగింది, కొన్నింట్లో ఈక కూడా కదల్లేదు. నేలనుబట్టి, కోత కాలాన్నిబట్టి ఆకులో నూనె శాతం మారిపోతుంది మరి. పైగా అవి ఇట్టే ఎగిరిపోయే నూనెలు. దాణాను గుళికలు కట్టే మిల్లు వేడికి కొంత గాలిలో కలుస్తుంది. అందుకే బుద్ధున్న తయారీదారు నూనెకు సన్నటి పొర తొడుగుతాడు. బుద్ధి మరీ ఎక్కువున్నవాడు డబ్బాకు ఆకుపచ్చ రంగు తొడుగుతాడు.

ఆ డబ్బా ఒకసారి చదవండి. గడ్డం ఋషి బొమ్మ, పక్కన ‘నూటికి నూరు శాతం సహజం’. థైమాల్ ఎంత శాతం? అది ఋషి రహస్యం. ఎన్ని కోళ్ల మీద, దేనితో పోల్చి పరీక్షించారు? అది పరమ రహస్యం. సహజమైందల్లా మంచిదే అయితే సాల్మొనెల్లా క్రిమికి కూడా ఒక డబ్బా కట్టొచ్చు. దాన్నీ ఏ ఫ్యాక్టరీ తయారు చేయలేదు.

అసలు యాంటీబయాటిక్ అంతకాలం కోడిని మాత్రమే కాపాడిందా? కిక్కిరిసిన షెడ్డును, తడిసి ముద్దయిన ఊకను, కళ్లు మండించే అమ్మోనియాను, పాచి పట్టిన నీళ్ల గొట్టాన్నీ కాపాడింది. మందు మానేటప్పుడు స్వీడన్ వాళ్లు గాలి, ఊక, దాణా, కోళ్ల రద్దీ సరిచేసుకున్నారు. మనవాళ్లు సరిచేసుకున్నది డబ్బా మీద బొమ్మ. ఊక తడిసే ఉంది, దాని మీద తులసి చల్లారు.

ఈ భాగవతంలో మునిగేది రైతే. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు, కరెంటు బిల్లు, నిద్ర లేని రాత్రులు రైతువి. బస్తాలో ఏ ఆకు కలిపారో అతనికెవరూ చెప్పరు. మేత ఎక్కువ తిని బరువు తక్కువ తూగినా, పిల్లలు చచ్చినా, కోళ్లు పెంచినందుకు కంపెనీ ఇచ్చే గ్రోయింగ్ ఛార్జీల్లో కోత మాత్రం ఠంచనుగా పడుతుంది.

కాబట్టి ఆకు మందు అమ్మేవారికి రెండే షరతులు పెట్టండి. అందులో ఏముందో శాతంతో సహా డబ్బా మీద అచ్చేయాలి. పనిచేయకపోతే కోత రైతు చెక్కులో కాదు, వాళ్ల బిల్లులో పడాలి. మొదటి షరతుకు కొంత బేరం సాగుతుంది. రెండోది వినగానే డబ్బాల మీది ఋషులందరూ హిమాలయాలకు టికెట్లు బుక్ చేసుకుంటారు.