అంతా మీ అభివృద్ధి కోసమే!

గెలిపించిన పార్టీని వదిలి అధికార పార్టీ కండువా కప్పుకున్న ఎమ్మెల్యేని ఎవరినైనా అడిగి చూడండి. పదవి కోసం అనరు, ఆగిపోయిన బిల్లుల కోసం అనరు, కేసుల ఊసైతే ఎత్తనే ఎత్తరు. ‘నియోజకవర్గ అభివృద్ధి కోసమే’ అంటారు. పక్కన ముఖ్యమంత్రి నవ్వుతూ నిలబడి ఉంటారు.

ఆ నవ్వే నాకు అంతుబట్టదు. ఆయన విన్నది పొగడ్త కాదు కదా, ఫిర్యాదు! ‘ఇన్నాళ్లూ నేను మీవాణ్ని కాను కాబట్టి మా ఊళ్లకు రోడ్డు లేదు, నీళ్లు లేవు’ అని కెమెరాల ముందు మొహం మీదే చెబుతున్నారు. పక్షపాతం చూపనని ప్రమాణం చేసిన మనిషి మీద ఇంతకన్నా పెద్ద నింద ప్రతిపక్షం కూడా వేయలేదు. ఆయన మాత్రం ఫొటోలో బాగా పడేలా కండువా సర్దుతారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2014లో వైఎస్సార్‌సీపీ గుర్తు మీద గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు మధ్యలో అభివృద్ధి గుర్తొచ్చి అధికార తెలుగుదేశంలో చేరారు. 2017 ఏప్రిల్లో అందులో నలుగురు మంత్రులయ్యారు. వాళ్ల నియోజకవర్గాలు మరీ వెనకబడి ఉన్నాయి కాబోలు. 2019లో తెలుగుదేశానికి జనం ఇచ్చిన సీట్లూ సరిగ్గా 23.

అదే 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో ‘విలీనం’ అయ్యారు. ఒక్కరు దూకితే ఫిరాయింపు, మూడింట రెండు వంతుల మంది చేతులు పట్టుకుని దూకితే విలీనం. చట్టం అంత మర్యాద తెలిసినది. స్పీకర్ ఆ రోజే ఆమోదించారు. అనర్హత పిటిషన్ వేసి చూడండి, అదే కుర్చీకి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

2024లో గాలి తిరిగింది. నాడు పన్నెండు మందిని కలుపుకున్నవాళ్లు పదిమందిని పోగొట్టుకుని రాజ్యాంగం పట్టుకున్నారు. నాడు రాజ్యాంగం పట్టుకున్నవాళ్లు కండువాలు పట్టుకున్నారు. కారు గుర్తు మీద గెలిచిన ఒకాయన ఎమ్మెల్యే పదవి వదలకుండానే సికింద్రాబాద్‌లో చేతి గుర్తు మీద లోక్‌సభకు పోటీ చేశారు. ఆయన ఏ పార్టీయో ఆటోవాలాను అడిగినా చెబుతాడు. తేల్చాల్సినవాళ్లకు మాత్రం మూడు నెలల్లో తేల్చండని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

పోనీ, అభివృద్ధి మీద అంత ప్రేమే ఉంటే దానికి దగ్గరి దారి ఒకటుంది. రాజీనామా. ఉపఎన్నిక వస్తే తెలుగునాట ఏమవుతుందో అందరికీ తెలుసు: రాత్రికి రాత్రి తారు పడుతుంది, మంత్రులంతా అక్కడే మకాం వేస్తారు. 2021లో ఉపఎన్నిక ముంగిట కుటుంబానికి 10 లక్షల దళితబంధుకు పైలట్‌గా ఎంపికైంది హుజూరాబాదే. పార్టీ మారడం కన్నా ఎమ్మెల్యే పదవి ఖాళీ చేయడమే నియోజకవర్గానికి ఎక్కువ లాభమన్నమాట. ఇంతమంది అభివృద్ధి ప్రేమికుల్లో ఆ ఆలోచన ఒక్కరికీ రాకపోవడమే విచిత్రం.