సూరతు శూరుల పద్యానికి టీకా తాత్పర్యం

గాలి తీసి పెట్టె కడుపులో గను పెట్టి
ముందె చెప్పవలయు ముడుపు విప్పి
శంక పుట్టెనేని సంకటమ్మే మీకు
సూరతందు లేచు శూరులార!

అవతారిక: సూరత్ లింబాయత్‌లో మరమగ్గాల చప్పుడు మధ్య ఉండే మేనల్లుడొకడు, ఎయిర్ రైఫిల్ పోటీకి మొదటిసారి విదేశం పోతూ, "మామా, గన్నును విమానంల ఎక్కనిస్తరా?" అని అడగ్గా చెప్పిన ఆటవెలది ఇది. కరీంనగర్, వరంగల్, నల్గొండల నుంచి మగ్గం పనికి వచ్చి స్థిరపడ్డ మన పద్మశాలీల పిల్లలకు ఇక్కడ కార్పొరేషన్ వారి తెలుగు బడులు ఉన్నాయి. ఈ శాస్త్రం మాత్రం అక్కడ చెప్పరు. మూలపద్యం ఎక్కడా దొరక్క నేనే రాసుకున్నాను. కవిహృదయం ఇదేనని ఒట్టేసి చెప్పగల వ్యాఖ్యాతలు లోకంలో తక్కువ, ఆ కొద్దిమందిలో నేనొకణ్ణి.

టీక: గాలి తీసి = సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలి. పోటీ రైఫిల్‌లో గాలి సాధారణంగా 200 బార్ల దాకా బిగించి ఉంటుంది. మందుగుండు లేదు, నిప్పు లేదు. అయినా విమానం వారికి తుపాకి కంటే ఈ గాలి మీదే గుబులు ఎక్కువ. సిలిండర్‌ను రైఫిల్ నుంచి విప్పి, ఖాళీ చేసి, ఖాళీ అని కనబడేట్టు పెట్టాలి. చేరిన చోట రేంజిలో మళ్ళీ నింపుకోవచ్చు. సిలిండర్ మీద తయారీదారు వేసిన గడువు తేదీ దాటితే అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమం ప్రకారం ఆ పూచీ ఆటగాడిదే.

పెట్టె కడుపులో = తాళం వేసిన గట్టి పెట్టెలో, ఆ పెట్టె విమానం కడుపులో. కడుపు రెండుసార్లు అన్వయించుకోవాలి. హ్యాండ్ లగేజిలో గాలి తుపాకికే కాదు, బొమ్మ తుపాకికి కూడా చోటు లేదు. సీసం గుళ్ళు ఒక్కోటి అర గ్రాము, వాటిలో పేలేదేమీ లేదు, అయినా పెట్టెలోనే.

ముందె = టికెట్ కొన్నప్పుడే, కౌంటర్ దగ్గర కాదు. విమాన సంస్థ ఒప్పుకోలు రాతలో ఉండాలి. మధ్యలో విమానం మారితే రెండో సంస్థదీ, ఒక్కోసారి ఆ మధ్య దేశానిదీ. సూరత్ నుంచి నేరుగా షార్జా, దుబాయ్ పోవచ్చు గాని, షూటింగ్ ప్రపంచ కప్పులు తరచు జరిగే మ్యూనిక్‌కు మారక తప్పదు.

ముడుపు విప్పి = కాగితాల కట్ట విప్పి: పోటీ వారి ఆహ్వానం, జాతీయ రైఫిల్ సంఘం ఉత్తరం, కొన్న రసీదు, సీరియల్ నంబరు. ముడుపును మరో అర్థంలో తీసుకుని విప్పబోయిన వాడికి వ్యాఖ్యానం రాయడం నా పని కాదు, పోలీసులది.

శంక పుట్టెనేని = అనుమానం కలిగితే. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. మేనల్లుడు అడ్డుతగిలాడు: "గాలి తుపాకికి లైసెన్సే వద్దంటివి గద మామా, ఇంక శంక ఏంది?" నిజమే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల నాళం, 20 జౌళ్ల శక్తి మించకపోతే లైసెన్సు అక్కర్లేదు. (జౌళి నగరంలో జౌళ్ల మీద శ్లేష చేయవచ్చు, చేయను.) 1959 ఆయుధ చట్టం పదో సెక్షన్ కూడా ఉదారమే: ఆయుధం దగ్గర పెట్టుకునే హక్కున్నవాడు సొంత వాడుకకు, సముచితమైన పరిమాణంలో, లైసెన్సు లేకుండానే దేశం దాటించవచ్చు. కాని వెంటనే ఒక మెలిక. హక్కు మీదగాని, పరిమాణం మీదగాని, వాడుక మీదగాని కస్టమ్స్ కమిషనర్‌కు అనుమానం వస్తే, కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు వచ్చేదాకా ఆయుధాన్ని ఆపి ఉంచవచ్చు. రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. ఉత్తర్వు ఎన్నాళ్లకు వస్తుందని చట్టం చెప్పదు. విమానం మాత్రం టైముకే లేస్తుంది. అందుకే తుపాకి కంటే కాగితాల మీద నాకు గురి ఎక్కువ.

సంకటమ్మే = చిక్కే. ఈ చిక్కు ఊరికి కొత్త కాదు. ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ రాయబారిగా జహంగీర్ దర్బారుకు వస్తూ 1615 సెప్టెంబరులో సర్ థామస్ రో ఇక్కడే దిగాడు; తన మనుషుల్ని తడిమి చూస్తామన్న సూరత్ సుంకం వారితో గొడవపడ్డాడు. రాజు ఉత్తరం చేతిలో ఉన్నవాడికే తప్పలేదు.

సూరతందు లేచు = సూరత్ విమానాశ్రయం నుంచి ఎగిరే. కొత్త టెర్మినల్ 2023 డిసెంబరు 17న తెరిచారు.

శూరులార = ఓ షూటర్లారా. పది మీటర్ల దూరాన అర మిల్లీమీటరు చుక్క పది పాయింట్లు. మగ్గం మీద తెగిన పోగు పట్టే కళ్ళకు అది అలవాటే. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో బంగారం, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే.

తాత్పర్యం: గాలి వదిలి, తాళం వేసి, ముందుగా చెప్పి పోవాలి.

విశేషం: దిగిన దేశానికి మన పద్యంతో పనిలేదు. జర్మనీలో లైసెన్సు అక్కర్లేని గాలి తుపాకికి హద్దు 7.5 జౌళ్లు. ఇంగ్లండ్‌లో 12 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 16 జౌళ్లు. అదే బ్రిటన్‌లో స్కాట్లాండ్ సరిహద్దు దాటితే, 2016 డిసెంబరు 31 నుంచి, సర్టిఫికెట్ కావాలి. అతిథికైతే వేరే పర్మిట్. తుపాకి మారదు, గుండు మారదు, నిర్వచనం మారుతుంది. అద్వైతులు ఈ ఘట్టంలో జాగ్రత్తగా ఉండాలి.

పాఠాంతర చర్చ: పద్యంలో తిరుగు ప్రయాణం లేదని మేనల్లుడి ఆక్షేపణ. అది న్యాయమే. పోయేటప్పుడే కస్టమ్స్ దగ్గర రైఫిల్ చూపించి, ఇది ఇక్కడినుంచే పోతున్నదని ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోవాలి. లేకుంటే వచ్చేటప్పుడు, ఇది అక్కడ కొన్నది కాదని నిరూపించే భారం మనదే. కాదంటే సుంకం కట్టమంటారు. ఇది పద్యంలో చేర్చాలంటే ఐదో పాదం కావాలి, ఆటవెలదికి అది లేదు. ఇంకో పద్యం రాస్తానన్నాను. వాడు, "వద్దు మామా, ఫారం ఎక్కడ దొరుకుతదో చెప్పు చాలు" అన్నాడు.