మరకలకు వేరే రేటు

నారాయణగూడలో మూడో అంతస్తు మీద ఒక రేకుల గదిలో అద్దెకుంటున్నాను. మా ఓనరుగారు దాన్ని పెంట్‌హౌస్ అంటారు. మే నెలలో మధ్యాహ్నం పూట అందులో కూర్చుంటే అప్పడాల మీద జాలి కలుగుతుంది.

ఇటు చిక్కడపల్లి, అటు అశోక్‌నగర్. ఈ చుట్టుపక్కల ముప్పైలోపు వయసు మగాడు పగటిపూట ఇంట్లో కనిపించాడంటే వాడు ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాడని అందరూ ఖాయం చేసేసుకుంటారు. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర చెట్ల కింద కూర్చుని చదివే వాళ్లలో నేనూ ఒకణ్నని టిఫిన్ సెంటర్ ఆయన నమ్మకం.

"గ్రూప్ వన్నా, గ్రూప్ టూనా?" అని అడిగాడు మొదటి రోజు.

"బొమ్మలు వేస్తానండీ."

"ఓహో, ఆర్ట్స్ గ్రూపా" అని, పాపం అనుకున్నాడేమో, ఇంకో గరిటె చట్నీ వేశాడు. ఆ చట్నీ కోసం ఇప్పటిదాకా నిజం చెప్పలేదు.

నిజం చెప్పినా తేలిగ్గా అర్థమయ్యే పని కాదు నాది. కొత్త వస్తువుల మీద పాతకాలం బొమ్మలు వేస్తాను. సబ్బు పెట్టెలు, కాఫీ పొడి పొట్లాలు, పెళ్లి శుభలేఖలు, అన్నీ నిన్న పుట్టినవే. అవి 1960లో పుట్టినట్టు కనిపించాలి. ఉద్యోగం కాదు కాబట్టి ఫ్రీలాన్స్ అంటారు. అందులో 'ఫ్రీ' అన్న ముక్క మాత్రం క్లయింట్లందరికీ స్పష్టంగా వినబడుతుంది. ఓనరుగారికి ఓసారి వివరంగా చెప్పాను. అంతా విని, "కొత్తవాటిని పాతవి చెయ్యడానికి నీకు డబ్బులిస్తారా? మా బిల్డింగ్ ఎవరూ ఏమీ చెయ్యకుండానే అయిపోయిందే!" అన్నారు.

పాతది చేయడం అంత తేలిక కాదు. ముందు కాగితానికి పసుపు తిరగాలి. అంచులు నలగాలి. రంగు గీతలోంచి కాస్త బయటికి జరగాలి, అంటే అమ్మాయి పెదవుల ఎరుపు పెదవుల మీద కాకుండా వెంట్రుక వాసి పక్కన పడాలి. అన్నిటికీ మించి మరక కావాలి. ఇంటర్నెట్‌లో మరకలు దొరుకుతాయి, కానీ అవి అమెరికా మరకలు. పెద్ద కప్పు అడుగున పడ్డ పెద్ద గుండ్రాలు. మన స్టీలు గ్లాసు గుండ్రం చిన్నది. అందుకని నా మరకలు నేనే తయారుచేసుకుంటాను. ఫిల్టర్ కాఫీ గ్లాసు సన్నటి గీత వదులుతుంది, ఇరానీ చాయ్‌లో పాలు మరిగి మరిగి ఉంటాయి కాబట్టి దాని గుండ్రం చిక్కగా, అంచు ముదురుగా పడుతుంది. ఒకరోజు పద్నాలుగు తెల్ల కాగితాల మీద వరసగా గ్లాసు ఆనించి ఎత్తుతుంటే ఓనరు ఆంటీ చూసింది. ఏమీ అనలేదు. సాయంత్రం మా అమ్మకు ఫోన్ చేసి, "అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారా?" అని అడిగిందట.

ఇంతకీ వింటేజ్ అని వెతికితే కంప్యూటర్ చూపించేది అమెరికా పెట్రోలు బంకులూ, మీసాల బొమ్మలూ, సూర్యకిరణాలూ. మన పాత వేరు. హాల్లో అమ్మిన సినిమా పాటల పుస్తకం మన పాత. సగం కథ చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని ఊరించేది. పంచాంగం అట్ట మన పాత. 1947 జులైలో మొదలైన చందమామ మన పాత. దాని అట్ట మీద వడ్డాది పాపయ్యగారు వేసిన నీలాలూ, గులాబీలూ చూస్తే ఆ రంగుల పేర్లు ఏ డబ్బా మీదా ఉండవని తెలుస్తుంది. లోపల శంకర్‌గారి విక్రమార్కుడు, భుజాన శవం, చేతిలో కత్తి. అంత బరువు మోస్తూ నిటారుగా నడిచే మనిషిని ఆ తరవాత నేనెక్కడా చూడలేదు, మెట్రో నారాయణగూడ స్టేషన్లో గ్రూప్స్ పుస్తకాలు మోసేవాళ్లని తప్ప. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత చందమామను నూట యాభైకి కొన్నానని చెబితే మా అమ్మ తల కొట్టుకుంది. ఇంట్లో ఉన్నవన్నీ కిలోల లెక్కన అమ్మినందుకు కాదు, అప్పుడే నూట యాభై చొప్పున అమ్మనందుకు.

ఇంకో చిక్కు అక్షరాలది. ఇంగ్లిషు లేబుళ్లలో పేరును ఇంద్రధనుస్సులా వంచుతారు, అందంగా ఉంటుంది. తెలుగు పేరును వంచి చూడండి. పైన తలకట్లు విసనకర్రలా విచ్చుకుంటాయి, కింద వత్తులన్నీ ఒకచోటికి చేరి తోసుకుంటాయి. 'సున్నుండలు' వంచినప్పుడు నావత్తు పక్కవాడి కాలు తొక్కినట్టే ఉంది. బాపుగారు అక్షరాన్ని వంచకుండా, అదే వంగి నడిచేలా రాశారు, ఆ చేతిరాతే తరవాత కంప్యూటర్లో ఫాంటయింది. ఈశ్వర్‌గారు గీసిన సినిమా టైటిళ్లలో పేరు చూస్తేనే ఫైట్లున్నాయో ఏడుపులున్నాయో తెలిసేది. నేను వాళ్లకు ఏకలవ్యుణ్ని. బొటనవేలు మాత్రం ఇవ్వలేను, మౌస్ పట్టుకోవాలి.

సున్నుండలంటే గుర్తొచ్చింది. కొండాపూర్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ జంట వచ్చారు, సున్నుండల వ్యాపారం పెట్టారు. డబ్బా లేబులు అమ్మమ్మ కాలం నాటిదిలా ఉండాలి.

"ఎప్పుడు మొదలుపెట్టారండీ?"

"2023లో."

"అయితే 'స్థాపితం 2023' అని వేద్దామా?"

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. భార్య గొంతు తగ్గించి, "దాని మీద మరక పడితే బావుంటుందేమో" అంది. అబద్ధం రాయనక్కర్లేదు, నిజం మీద కాఫీ పోస్తే చాలు. ఈమె బాగా పైకొస్తుందని అప్పుడే అనుకున్నాను.

అసలు పాతవాళ్లకు ఈ బాధ లేదు. మన అంబర్‌పేటలో తయారయ్యే జిందా తిలిస్మాత్ మందు 1920 నాటిది. ఆ సీసా మీద ఒక్క దొంగ మరక లేదు, దాని అవసరమూ లేదు.

మూడు రంగుల్లో లేబులు గీశాను. ఎరుపును నలుపు నుంచి కాస్త జరిపాను. 'మరక 1', 'మరక 2' అని పేర్లు పెట్టి వేరే లేయర్లలో ఉంచాను, రెండోది సరిగ్గా 2023 మీద. ఫైలు పట్టుకెళ్లి చిక్కడపల్లి సందులో ఒక చిన్న ప్రెస్సులో ఇచ్చాను. అక్కడిది సింగిల్ కలర్ ఆఫ్‌సెట్ మిషను, ఒక్కో రంగుకూ కాగితం ఒకసారి లోపలికి వెళ్లి రావాలి. ఆ మిషన్ నడిపే అన్న ఆ పనిలోనే తల నెరిసిన మనిషి.

నాలుగు రోజుల తరవాత వెళితే లేబుళ్లు తళతళా మెరుస్తున్నాయి. ఎరుపు గీత దాటకుండా బుద్ధిగా లోపలే ఉంది. మరకలు లేవు. 'స్థాపితం 2023' బోర్డు పరీక్షలో ఫస్ట్ వచ్చినవాడి ఫొటోలా నవ్వుతోంది.

"అన్నా, మరకలేవి?"

"తీసేసిన తమ్మీ. నువ్వు చూస్కోలే, రెండు మరకలు పడ్డయి ఫైల్ల. రంగు గూడ జరిగింది. మా డీటీపీ పిల్లగాడు గంట కూసొని సాఫ్ చేసిండు. పైసలేం వద్దులే."

ఏమనను? 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టినప్పుడు ఒక్కో రంగుకు ఒక్కో రాయి మీద బొమ్మ ఎక్కించి అచ్చువేసేవారు. సరస్వతి చీర రంగు ఆమె చేతిమీదికి పాకకుండా ఎంతమంది కళ్లు చిట్లించుకున్నారో. ఆ తప్పు జరగకూడదని ఈ అన్న కూడా జీవితమంతా తంటాలు పడ్డాడు. ఆ తప్పే కావాలని డబ్బులు పుచ్చుకుంటున్నవాణ్ని నేను. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. బిల్లు కట్టి, కట్ట తీసుకుని బయటపడ్డాను.

కొండాపూర్లో ఆ కట్టను బల్ల మీద పెట్టి, క్షమాపణలు ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. వాళ్లు తాడు విప్పారు, లోపలి లేబుళ్ల వంక చూడనైనా లేదు. కట్టకు పైన చుట్టిన కాగితాన్ని విడదీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. అది వేస్టేజ్ షీటు. రంగులు ఒకదాని మీద ఒకటి కుదిరేదాకా మొదట్లో కొన్ని కాగితాలు పాడవుతాయి, వాటితోనే కట్టలు చుడతారు. అందులో ఎరుపు ఒక దారిన, పసుపు ఒక దారిన పోయాయి. మూల మీద గ్రీజు. 2023 మీద సరిగ్గా అన్నగారి బొటనవేలు, నల్ల ఇంకుతో.

"ఇదీ! ఇదండీ అమ్మమ్మ కాలం అంటే" అన్నాడాయన. "ఈ మరక ఎలా వేశారండీ, ఎంత సహజంగా ఉందో!"

"దానికి వేరే రేటు" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

మర్నాడు మళ్లీ చిక్కడపల్లి వెళ్లాను. ఆ చుట్టిన కాగితాన్ని అన్న ముందు పరిచి, ఇలాంటివి ఇంకో వెయ్యి కావాలని చెప్పాను. అన్న కళ్లద్దాలు పెట్టుకుని కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. తన వేలిముద్ర తనే గుర్తుపట్టాడు. చిన్నబుచ్చుకున్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"అంటే మంచిగ కొట్టినయి వద్దు. పాడు చేసినయి గావాలె."

"అవునన్నా. కానీ కొంచెం జాగ్రత్తగా."

అన్న కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు.

"జాగ్రత్తగ కొడితె ఎట్ల పాడైతది తమ్మీ?"