గడప దగ్గర చెప్పే తప్పుడు సలహాలు

మా మావయ్యకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చాలా ఏళ్ళు చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి మీద తిరిగాడు. ఆ తరువాత స్కూటీ కొనుక్కుని, దానికి వెనక పక్క చక్రాలు బిగించుకున్నాడు. ఆయన బయలుదేరేటప్పుడల్లా మా అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చి ఒకటే మాట చెప్పేది: "అంచు వారనే పోరా అబ్బాయ్, బస్సులొస్తాయి."

ఆయన అలాగే పోయేవాడు. ఒక కార్తీకమాసం సాయంత్రం, కొత్తపేట దారిలో కాలువ గట్టు మీద ట్రాక్టరు ఎదురొస్తే ఇంకాస్త అంచుకు జరిగాడు. తారు మీద తారు పోసి ఎత్తు పెరిగిన రోడ్డది. అంచు దగ్గర బెత్తెడు దిగుడు ఉంది. పక్క చక్రం అందులోకి జారింది, బండి కాలువ వైపు ఒరిగింది. రేవులో బట్టలు ఉతుక్కుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి పట్టుకోబట్టి మోచెయ్యి విరగడంతో గండం గడిచింది.

మా అమ్మమ్మ ఆ మాట ప్రాణం పెట్టుకునే చెప్పింది. కానీ ఆ సలహా ఎద్దుబళ్ళూ సైకిళ్ళూ తిరిగిన రోడ్డుకు పనికొచ్చేది. ఇప్పుడు యానాం నుంచి ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు మీదుగా దిండి దాకా 216వ నంబరు జాతీయ రహదారి ఊళ్ళను ఒరుసుకుంటూ పోతోంది. కొబ్బరి లారీలు, రొయ్యల వ్యాన్లు, కాలేజీ బస్సులు అన్నీ దాని మీదే. రోడ్డు మారిపోయినా సలహాలు మారలేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్ళలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. అంటే రోజుకు దాదాపు తొంభై మంది. అందుకే మన ఇళ్ళల్లో ప్రేమగా చెప్పే తప్పుడు సలహాలను ఒక్కొక్కటిగా ఇక్కడ పెట్టి, వాటి బదులు ఏం చెప్పాలో రాస్తున్నాను.

1. "ఎప్పుడూ ఎడమ పక్కనే నడువు."

బళ్ళు ఎడమ పక్కన పోతాయి కాబట్టి మనుషులూ ఎడమ పక్కనే నడవాలని బళ్ళో నేర్చుకున్నాం. ఫుట్‌పాత్ ఉన్న వీధిలో ఏ పక్కన నడిచినా ఒకటే. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద మాత్రం ఎడమ పక్కన నడిస్తే బండి మన వీపు వెనక నుంచి వస్తుంది. తూలుతూ వచ్చే బైకు మనకు కనిపించదు, పక్కకు తప్పుకునే వీలుండదు. కుడి పక్కన నడవండి. వచ్చే బండి ఎదురుగా కనిపిస్తుంది, డ్రైవరు చూపు మన మీద ఉందో లేదో కూడా తెలుస్తుంది.

కొబ్బరి తోటలు కమ్మేసిన కుడి మలుపు దగ్గర మాత్రం ఎదురొచ్చే బండికి మనం ఆఖరి క్షణం దాకా కనపడం. మలుపుకు ముందే ఎడమ పక్కకు దాటి, మలుపు అయ్యాక మళ్ళీ కుడికి రండి. నలుగురు కలిసి నడుస్తుంటే ఒకరి వెనక ఒకరు నడవాలి. ఈ కుడి పక్క మాట నడిచేవాళ్ళకే. మోటారున్న మూడు చక్రాల బండి మిగతా బళ్ళలాగే ఎడమ పక్కన పోవాలి.

2. "అంచు వారనే పో."

మా మావయ్య చెయ్యి విరగ్గొట్టిన సలహా ఇది. పక్క చక్రాల బండికి అంచే అన్నిటికంటే ప్రమాదం. తారు దిగుడు, తడి గడ్డి, రోడ్డు మీంచి మార్జిన్‌లోకి నీళ్ళు జారడానికి పెట్టిన వాలు, అన్నీ అక్కడే ఉంటాయి. సైకిలు చక్రం దిగబడితే కాలు ఆనించుకోవచ్చు. కాళ్ళు సహకరించని మనిషికి ఆ ఆసరా లేదు.

చక్రాలన్నీ తారు మీదే ఉండాలి. పక్క చక్రానికీ తారు అంచుకీ మధ్య కనీసం రెండడుగులు వదలండి. వెనక బళ్ళు పేరుకుంటే, గట్టు వెడల్పుగా ఉన్నచోట, వంతెన మొగలోనో గుడి ముందో, పూర్తిగా ఆగి వాటిని పోనివ్వండి. నడుపుతూ నడుపుతూ అంచుకు జరగవద్దు. ఒకవేళ చక్రం దిగిపోతే హ్యాండిల్ గుంజి వెంటనే పైకెక్కించాలని చూడకండి, బండి పల్టీ కొట్టేది అప్పుడే. బ్రేకు మెల్లగా పట్టి, వేగం చచ్చాక, దిగుడు తక్కువగా ఉన్నచోట ఎక్కండి. కుడికి తిరగాలంటే నడిరోడ్డులో ఆగి చూడటం కంటే, ఎడమ పక్కన ఖాళీ చోట ఆపి, రెండు వైపులా చూసుకుని దాటడం మేలు.

3. "మూడు చక్రాల బండికి లైసెన్సెందుకు, హెల్మెట్టెందుకు?"

గంటకు 25 కిలోమీటర్లు మించని, 250 వాట్ల లోపు మోటారున్న చిన్న బ్యాటరీ బండికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకు మించినదేదైనా మోటారు వాహనమే. పక్క చక్రాలు బిగించిన పెట్రోలు స్కూటీ కూడా అంతే. శరీరానికి తగ్గట్టు మార్చిన వాహనాల కోసం మోటారు వాహనాల చట్టంలో లైసెన్సుకు వేరే తరగతి ఉంది. బండిని మార్చిన సంగతి ఆర్సీలో ఎక్కాలి. ఎక్కకపోతే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు దగ్గర చిక్కులు వచ్చేది ఇంటిల్లిపాదికీ. ఇక హెల్మెట్ సంగతి. పడేటప్పుడు కాళ్ళతో కాచుకోలేని మనిషికి అది అందరికంటే ఎక్కువ అవసరం.

4. "చెయ్యెత్తి దాటెయ్, వాళ్ళే ఆగుతారు."

ఇక్కడ కాస్త లెక్క వేద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్నవాడు మనల్ని చూసి బ్రేకు తొక్కేలోపే బండి 25 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద ఇంకో 20 మీటర్లు. వాన పడి ఉంటే ఇంకా ఎక్కువ. ఏడు మీటర్ల రోడ్డును కర్ర సాయంతో ఒక మామ్మగారు దాటడానికి ఎనిమిది సెకన్లయినా పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలో అదే బండి 130 మీటర్లు దాటి వస్తుంది. అంటే ఆవిడ అడుగు వేసినప్పుడు ఎక్కడో దూరంగా ఉన్న బండి, ఆవిడ రోడ్డు మధ్యకు వచ్చేసరికే మీద పడగలదు.

చెయ్యి ఎత్తండి, అది మంచిదే. కానీ బండి నెమ్మదించిందని కళ్ళతో చూశాకే అడుగు వేయండి. లారీ ఒకటి ఆగినంత మాత్రాన దారి ఖాళీ అయినట్టు కాదు. దాని పక్కనుంచి దూసుకొచ్చే బైకు మనకు కనపడదు, మనం దానికి కనపడం. ఆగిన బండి చివర దాకా వచ్చి, మళ్ళీ ఆగి, తొంగి చూసి అప్పుడు కదలండి. బస్సు దిగినప్పుడూ అంతే. బస్సు ముందు నుంచి దాటవద్దు. అది కదిలి వెళ్ళిపోయేదాకా ఆగితే రెండు వైపులా రోడ్డంతా కనిపిస్తుంది. అమలాపురం గడియార స్తంభం దగ్గరయినా, తాటిపాక సెంటర్లోనయినా ఆ అర నిమిషం ఓపిక పట్టండి.

5. "బండికి లైటుంది కదా, మనకెందుకు?"

డిమ్ లైటులో నల్లబట్టల మనిషి పాతిక ముప్ఫై మీటర్ల దగ్గరకు వచ్చేదాకా కనిపించడు. అరవైలో వచ్చే బండి ఆగడానికి 45 మీటర్లు కావాలని ఇంతకు ముందే చూశాం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే, చీకట్లో జరిగే ప్రమాదాల్లో సగం కథ తెలిసిపోతుంది. డ్రైవరు మంచివాడైనా, మందు తాగకపోయినా, ఆ దూరంలో ఆపలేడు.

లారీల వెనక అంటించే రేడియం స్టిక్కరు ఏ ఆటో స్పేర్ పార్టుల కొట్లోనైనా దొరుకుతుంది. చేతికర్రకు రెండు చుట్లు, చక్రాల కుర్చీ వెనక అడ్డంగా ఒక పట్టీ, పక్క చక్రాల మడ్‌గార్డులకు ఒక్కో ముక్క అంటించండి. వెనక ఎర్ర లైటు, చేతిలో టార్చి ఉండాలి. టార్చి వెలుగు నేల మీద పడాలి, ఎదుటివాడి కళ్ళల్లో కొట్టకూడదు. భోగి ముందు తెల్లవారుజామున కాలువల మీద మంచు దట్టంగా దిగే రోజుల్లో, తప్పదనుకుంటే తప్ప, పొద్దెక్కాక బయలుదేరండి.

శనివారాలు వాడపల్లి వెంకన్న దర్శనానికి నడిచి వెళ్ళేవాళ్ళు, ప్రభల తీర్థం చూసి జగ్గన్నతోట నుంచి రాత్రి తిరిగొచ్చేవాళ్ళు గుంపులో ఉన్నాం కదా అని ధైర్యంగా ఉంటారు. వెనక నుంచి వచ్చేవాడికి ముందు కనపడేది గుంపులో ఆఖరి మనిషి. రేడియం బెల్టూ ఎర్ర లైటూ ఆ ఆఖరి మనిషి దగ్గర ఉండాలి.

6. "ధాన్యం ఆరబోసిన పక్కన బళ్ళు రావు, అటు నడువు."

నిజమే, అటు బళ్ళు రావు. అందుకే రెండు వైపుల బళ్ళూ మిగిలిన సగం రోడ్డులోనే ఎదురెదురు పడతాయి. తప్పుకోలేనివాడు చివరికి ధాన్యం మీదికే వస్తాడు. గింజల మీద టైరు పట్టు తప్పుతుంది, చేతికర్ర జారుతుంది. రాశి చుట్టూ పేర్చిన రాళ్ళు రాత్రిపూట బైకును ఎగరేస్తాయి, ఆ బైకు నడిచేవాళ్ళ మీద పడుతుంది.

రైతును తిట్టి లాభం లేదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదు, కళ్ళాలకు చోటు లేదు, వాన భయం నెత్తి మీద ఉంటుంది. రైతు సోదరులకు నా వేడుకోలు ఒకటే. రోడ్డు తప్ప వేరే చోటు లేని రోజున కూడా రాళ్ళు పెట్టకండి, మలుపులో పోయకండి, చీకటి పడేలోపు ఎత్తేయండి. ఊరుమ్మడి కళ్ళం కోసం పంచాయతీలో పట్టుబట్టండి. నడిచేవాళ్ళు, బండి మీద పోయేవాళ్ళు అటువంటి చోట రెండు వైపులా ఖాళీ అయ్యేదాకా ఆగి, ఒక్కసారిగా దాటండి.

7. "హారన్ వినపడకపోతే బండి లేనట్టే."

బ్యాటరీ స్కూటర్లు, బ్యాటరీ ఆటోలు వెనకాలకు వచ్చినా చప్పుడు వినిపించదు. పెద్దవాళ్ళకు చెవులు మందగిస్తాయి, కుర్రాళ్ళ చెవుల్లో పాటలుంటాయి. చెవిని నమ్మి రోడ్డు దాటకండి. తల తిప్పి కుడి, ఎడమ, మళ్ళీ కుడి చూడండి. వెనక హారన్ మోగినప్పుడు గబుక్కున పక్కకు దూకడం ఇంకా తప్పు, డ్రైవరు కూడా అదే పక్కకు తిప్పుతూ ఉండవచ్చు. ఉన్నచోటే ఆగి, చూసి, అప్పుడు జరగండి.

8. "దెబ్బ తగిలినవాణ్ణి ముట్టుకోకు, కేసవుతుంది."

ఈ మాట ఎందరి ప్రాణాలు తీసిందో. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం సాయం చేసినవాళ్ళ మీద కేసు ఉండదు. పేరు చెప్పమనీ, సాక్ష్యానికి రమ్మనీ బలవంతం చేయకూడదు. ముందు 108కి ఫోను చేయండి. జాతీయ రహదారి మీదయితే 1033కి కూడా చేయవచ్చు. కాలువలోనో, బళ్ళ దారిలోనో పడి ఉంటే తప్ప మనిషిని మెడ, నడుము మెలిపెట్టి ఆటోలోకి ఎత్తకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. వెనక నుంచి వచ్చే బళ్ళను ఆపడానికి ఒకరిని దూరంగా నిలబెట్టండి. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది. పథకంలో చేరిన ఆసుపత్రిలో దాని పేరు చెప్పి అడగండి.

9. "మీరు ఇంట్లోనే ఉంటే క్షేమం కదండీ."

ఇది అన్నిటికంటే తప్పు సలహా. పెద్దవాళ్ళకూ, నడవలేనివాళ్ళకూ మనం రోజూ చెప్పేది ఇదే. పింఛనుకూ, గుడికీ, సంతకూ, పలకరించే మనిషి కోసమూ బయటికి పోవడం ఎవరి దయో కాదు. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమనీ, ఆ ఫుట్‌పాత్‌లు దివ్యాంగులకు కూడా అనువుగా ఉండాలనీ 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. దారులు అందరికీ అందేలా ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

కాబట్టి మనిషిని ఇంట్లో కూర్చోబెట్టే బదులు రోడ్డును సరిచేయమని అడగాలి. అడిగేటప్పుడు "ఫలానా కల్వర్టు దగ్గర రెయిలింగ్ లేదు, ఫలానా బడి ముందు స్పీడ్ బ్రేకర్ కావాలి, ఇన్ని గజాల మేర తారు అంచు దిగుడుగా ఉంది, మట్టి వేసి సమం చేయండి" అని చోటు పేరుతో, ఫొటోతో అడగండి. అమలాపురం కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు దాచుకోండి. కొబ్బరి రాశులు, ఇసుక కుప్పలు, కొట్ల ముందు బల్లలు మార్జిన్‌ను మింగేస్తే నడిచేవాడు తారు మీదికే వస్తాడు. ఆ మార్జిన్ ఖాళీ చేయడం మన చేతుల్లోనే ఉంది.

ఈ తొమ్మిదింటిలో చాలావాటికి మూలం ఒక్కటే, ఎదుటివాడు మనల్ని చూస్తాడులే అన్న నమ్మకం. అతను చూడకపోవచ్చు. చూసినా ఆపలేకపోవచ్చు. అతను చూసేలా మనం ఉండాలి, చూశాడని తెలిశాకే కదలాలి. బండి నడిపే ప్రతివాడూ ఊరు రాగానే వేగం తగ్గించి, మనకు ఆ వ్యవధి ఇవ్వాలి.

మా అమ్మమ్మ పోయి చాలా కాలమైంది. మావయ్య బయలుదేరేటప్పుడు ఇప్పుడు గుమ్మంలోకి వచ్చేది మా అత్తయ్య. "లైటు వేశారా? చక్రాలన్నీ తారు మీదే ఉంచండి. వాడు ఆగాడని చూశాకే తిరగండి" అంటుంది. మావయ్య వెనక లైటు వేసి, తల తిప్పి అది వెలిగిందని చూసుకుని, అప్పుడు బండి కదిలిస్తాడు.